సమస్యాపూరణం: చుక్క జరుగంగ నొక్కటే జోడు గాదె

సంచాలకులు: ఈ వారం సమస్య:

చుక్క జరుగంగ నొక్కటే జోడు గాదె

కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినదాన్ని చదివి సంఖ్యలుగా, పేర్లుగా, జాబితాలుగా మార్చే భాగం రీడరు. దాని పరిధిలోనే పూరించాలి. ఆకాశంలో చుక్కలు, ముగ్గులో చుక్కలు ఈసారికి వద్దు.

అరసున్న:

అంటి యుండ దశాంశమే యగును చుక్క;
రెండు ప్రక్కల ఖాళీయె యుండెనేని
కారులో నొండు, కుడరైదు, కన్సు పుట్టు;
చుక్క జరుగంగ నొక్కటే జోడు గాదె!

కన్సు అంటే రెండు అరల గది; మొదటి అర కారు, రెండోది కుడరు. (1.5) ఒకే అంకె ఉన్న జాబితా. (1 . 5) జంట. రెపల్‌లో (కొట్టిన వెంటనే ఫలితం చూపే తెరలో) చూసేవారు ముందు కోట్ గుర్తు (') పెట్టండి. లేకపోతే 1ని ఫంక్షనుగా పిలవబోయి తప్పు చూపిస్తుంది. ఆ తప్పు చదివినదాన్ని నడిపించే ఎవాల్యుయేటరుది, రీడరుది కాదు.

శకటరేఫ: మూడో పాదం అద్భుతం, రెండు అరలూ ఒక్క ఊపులో నిండాయి. రెండో పాదమే ఒప్పుకోలేను. ఖాళీ ఉండి తీరాలని ఎక్కడుంది? ((1).(5)) అని ఒక్క ఖాళీ కూడా లేకుండా కొట్టినా రీడరు దాన్ని జంట చుక్కగానే తీసుకుంటుంది, ((1) 5) అని తిరిగి అచ్చువేస్తుంది. చుక్క తనంతట తాను దేన్నీ తెంచదు, అది అక్షరాల కోవలోది. రీడరు అక్షరాలను పోగేసుకుంటూ పోయి, ఖాళీ గానీ, కుండలీకరణం, కోట్, సెమికోలన్ లాంటి తెంపే గుర్తు గానీ తగిలినప్పుడే ఆగుతుంది. అప్పుడు పోగైనదాన్ని మొత్తంగా చూస్తుంది: సంఖ్య రూపంలో ఉంటే సంఖ్య, ఒంటి చుక్కయితే జంట చుక్క, ఏదీ కాకపోతే పేరు. అందుకే క'చ రెండు ముక్కలవుతుంది, క#చ మాత్రం ఒకే పేరుగా మిగులుతుంది. # మధ్యలో వస్తే తెంచదు.

అక్షరాల నడుమ చుక్క యతుకుకొన్న
పేరు మాత్రమె, సంఖ్యగా రాదు సుమ్ము;
కుండలీకరణమ్ములే దండ నున్న
చుక్క జరుగంగ నొక్కటే జోడు గాదె!

వలపలగిలక: శకటరేఫ గారూ, ఎదుటివారి పాదంలో ఖాళీలు వెతికిన కన్ను మీ రెండో పాదం మీద పడలేదు. పే–రా యతి ఎలా చెల్లుతుంది? "సంఖ్యగా మారబోదు" అనండి, పేరు–మార ప్రాసయతి కుదురుతుంది. విషయం మాత్రం నిక్కం: (క.చ)లో ఉన్నది ఒకే సింబల్, అంటే ఒకే పేరు. కుండ–దండ ప్రాసయతి నాకు చాలా నచ్చింది.

అరసున్న: నా పద్యంలో ఉన్నవి అంకెలు. 1కీ 5కీ పక్కన తెంపే గుర్తేదీ లేదు కాబట్టి ఖాళీ తప్పదు. కుండలీకరణాలు తెచ్చింది మీరు. మునుపటి "అంకెవలె నుండి యద్ది తా నంకె గాదు" సమస్యలోనూ ఇంతే, గుర్తు ముందున్నా వెనకున్నా ఒకటేనని +1ని పేరు చేసేశారు. +1 పూర్ణాంకం. 1+ పేరు, ఒకటి కలిపే ఫంక్షన్ పేరు. ఆ పూరణకు సవరణ ఇప్పటికీ రాలేదు.

శకటరేఫ: ఆ దారంలోనే జవాబిస్తాను. ఇక్కడ చుక్క సంగతి తేల్చండి.

వలపలగిలక: తేల్చాలంటే గదులు లెక్కపెట్టాలి. (1.5)లో ఒక కన్సు గది: కారు 1.5, కుడరు నిల్ (జాబితా ముగిసిందని చెప్పే ఖాళీ). (1 . 5)లోనూ ఒకటే గది, నిల్ ఉండే చోట 5 కూర్చుంది, అంతే. అంటే అరసున్న గారి "కన్సు పుట్టు" దగ్గర కొత్తగా పుట్టిందేమీ లేదు, ఉన్న గదిలో కుడరు మారింది. పైగా అది సరైన జాబితా కాదు, లెంగ్త్ అడిగితే తప్పు చూపుతుంది. నిజంగా రెండు గదులయ్యేది (1. 5)లో, (1 .5)లో:

ఒకటి వెంటనె చుక్కున్న నొకటె యగును;
ఐదు ముందున్న నర్ధమై యమరు నదియె;
రెంట నేదైన నొక యంకె రెండు సేయు;
చుక్క జరుగంగ నొక్కటే జోడు గాదె!

శకటరేఫ: మొదటి పాదానికి నమస్కారం. చివరి చుక్క ఉన్న సంఖ్యను రీడరు ఎప్పుడూ దశాంశ పద్ధతిలోనే చదువుతుంది, రీడ్-బేస్ (సంఖ్యలను ఏ ఆధారంలో చదవాలో చెప్పే అమరిక) ఎంతైనా సరే. బేస్ 16లో ఉండగా తిరిగి పదికి రావాలని 10 అని ఇస్తే అది పదహారుగానే చదువుతుంది, ఉన్నచోటే ఉంటారు. "10." అని చుక్క పెట్టాలి. ఎంతోమంది తట్టుకుని పడే చోటిది. రెండో పాదంలో "అర్ధమై" అన్నది మాత్రం సగమే నిజం. .5 ఫ్లోట్ (దశాంశ రూపపు సంఖ్య), అసలు సగం 1/2 అనే భిన్నం. సమాన గుర్తుతో పోలిస్తే రెండూ సమానమే, రకాన్ని కూడా చూసే ఎక్వల్‌తో పోలిస్తే కావు. 4/8 అని రాసినా రీడరు 1/2గానే అందిస్తుంది.

అరసున్న: గదుల లెక్క ఒప్పే. కానీ సమస్య "జోడు" అంది. చుక్క పెట్టి రాసే జంటకే ఆ పేరు తగును, రెండంకెల జాబితాకు కాదు.

సంచాలకులు: రెండు అన్వయాలూ నిలుస్తాయి. శకటరేఫ గారి రెండో పాదం "మారబోదు" సవరణతో స్వీకరిస్తున్నాం. +1 చర్చ పాత దారంలో కొనసాగించండి. జంట కాబోయి చెడిపోయే రూపాలను ఇంకా ఎవరూ ముట్టుకోలేదు: ముందేమీ లేని ( . 5), వెనక ఒకటికి మించి ఉన్న (1 . 5 6), అన్నీ చుక్కలే అయిన (...). మూడూ రీడరు దగ్గరే తప్పవుతాయి. లిస్ప్ కుటుంబంలోనిదే అయిన స్కీమ్ భాషలో మూడు చుక్కలు చెల్లుబాటయ్యే పేరు, దాన్ని ఇందులో కలపకండి. పూరణలకు ఆదివారం రాత్రి వరకు గడువు.