లెవెల్ 1 రాకెట్: చార్జ్ పేలినా పారాచూట్ బయటికి రాలేదు, ఎక్కడ తప్పింది?

ఆకాశవీధి:
అందరికీ నమస్కారం. నాలుగు నెలలు కూర్చుని కట్టుకున్న రాకెట్ నిన్న పొద్దున ముక్కుతో నేలలో దిగబడింది. లెవెల్ 1 సర్టిఫికేషన్ (పెద్ద మోటార్లు ఎగరేయడానికి మొదటి అర్హత) కోసం నా మొదటి ప్రయత్నం అది. అట్ట గొట్టం, 10 సెంటీమీటర్ల వ్యాసం, మూడు ప్లైవుడ్ రెక్కలు, మోటార్‌తో కలిపి 1.6 కిలోలు. 38 మిల్లీమీటర్ల హెచ్ మోటార్, సుమారు 220 న్యూటన్ సెకన్లు. లాంచ్ రైల్ మీంచి నిటారుగా లేచింది, ఆ లేవడం చూస్తే కడుపు నిండిపోయింది. పైకి వెళ్లి, నెమ్మదించి, ఒరిగింది. సరిగ్గా అప్పుడే టప్ మని చప్పుడు వినిపించింది. అంటే ఎజెక్షన్ చార్జ్ (పారాచూట్‌ని బయటికి నెట్టే మందు) పేలింది. అయినా నోస్ కోన్ (ముక్కు భాగం) ఊడలేదు. రాకెట్ అలాగే తలకిందులుగా వచ్చేసింది. అందరం దూరంగానే ఉన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు.

డిలే (మోటార్ ఆరాక చార్జ్ పేలేదాకా పట్టే సమయం) సరిగ్గానే ఉంది, చార్జ్ పేలింది, మరి పారాచూట్ ఎందుకు రాలేదు? రాత్రంతా ఇదే ఆలోచన. ఇలాంటిది ఎవరికైనా జరిగి ఉంటే చెప్పండి. మళ్లీ కట్టే ముందు కారణం తెలుసుకోవాలి.

రెండో మెట్టు:
అయ్యో, బాధగా ఉందండీ. నాకూ మొదటిసారి ఇంతే అయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది అన్నిటికన్నా ముఖ్యం.

నా విషయంలో తప్పు నోస్ కోన్ బిగుతుది. ముందు రోజు సాయంత్రం ఇంట్లో కోన్ భుజానికి (గొట్టంలో దూరే భాగానికి) మాస్కింగ్ టేప్ రెండు చుట్లు చుట్టి, చక్కగా కూర్చుంది అనుకున్నాను. పొద్దున మైదానంలో మంచు. అట్ట గొట్టం తేమ పీల్చి ఉబ్బింది. లోపలి వ్యాసం వెంట్రుకంత తగ్గినా చాలు, కోన్ బిరడాలా బిగుసుకుపోతుంది. అప్పటి నుంచి రైల్‌కి ఎక్కించే ముందు, అక్కడికక్కడే చూస్తాను. కోన్ పట్టుకుని ఎత్తితే రాకెట్ జారిపోకూడదు, మెల్లగా ఒక్క కుదుపు ఇస్తే మాత్రం కోన్ విడిపోవాలి. రెంటిలో ఏది తప్పినా టేప్ తీయడమో చుట్టడమో చేయాలి.

మీరు టేప్ ఎప్పుడు చుట్టారు?

ఆకాశవీధి:
ముందు రోజు రాత్రే. పొద్దున మళ్లీ చూసుకోలేదు. రాకెట్ గంటన్నర సేపు గడ్డి మీద ఉంది.

గాలిపటం:
టేప్ ఒక్కటే కారణం అనుకుని ఆగిపోకండి. పోయిన రాకెట్‌ని పారేయలేదు కదా? ముందు మసి ఎక్కడ పట్టిందో చూడండి. ఎజెక్షన్ వాయువు ఏ దారిలో వెళ్లిందో మసి చెప్పేస్తుంది. పారాచూట్ కింద పెట్టిన నిప్పంటుకోని గుడ్డ మీద మసి దట్టంగా ఉంటే వాయువు సరైన దారిలో పైకి వెళ్లినట్టు. గుడ్డ మీద పల్చగా ఉండి, మోటార్ గొట్టం బయటి వైపు నల్లగా ఉంటే అది వేరే దారి వెతుక్కున్నట్టు.

వీడియో ఏమైనా ఉందా? పొగ ఎటు నుంచి వచ్చింది?

ఆకాశవీధి:
ఉంది. ఇప్పుడే మళ్లీ చూశాను. చప్పుడు అయినప్పుడు పొగ కిందివైపు, రెక్కల పక్క నుంచి చిన్న తీగలా బయటికి వచ్చింది. మొదటిసారి చూసినప్పుడు అది మోటార్ పొగే అనుకున్నాను. ఇవాళ సాయంత్రం గొట్టం నిలువుగా కోసి చూస్తాను.

జడివాన:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేను చిన్న ఏ, బీ, సీ మోటార్ల దగ్గరే ఉన్నాను. హై పవర్ అంటే ఎక్కడ మొదలవుతుంది? ఈ అక్షరాల లెక్క ఏంటి?

రెండో మెట్టు:
ఒక్కో అక్షరానికి గరిష్ఠ ఇంపల్స్ (మోటార్ ఇచ్చే మొత్తం తోపుడు) రెట్టింపు అవుతుందండీ. ఏ మోటార్ 2.5 న్యూటన్ సెకన్ల దాకా, బీ 5, సీ 10, అలా వెళ్తే జీ 160 దగ్గర ఆగుతుంది. 160 దాటితే హెచ్, అక్కడి నుంచి హై పవర్. హెచ్, ఐ ఎగరేయడానికి లెవెల్ 1. జే, కే, ఎల్ కోసం లెవెల్ 2, దానికి రాత పరీక్ష కూడా ఉంటుంది. ఎమ్, ఆపైన లెవెల్ 3. అమెరికాలో ఎన్‌ఏఆర్ (1957లో పుట్టింది), ట్రైపోలీ అనే రెండు సంఘాలు ఈ సర్టిఫికేషన్లు ఇస్తాయి. మోటార్ పేరులో అక్షరం పక్కనున్న అంకె సగటు తోపుడు బలం, న్యూటన్లలో. గీత తర్వాతిది డిలే, సెకన్లలో.

ఏ లెవెల్ అయినా రాకెట్ ఎంత ఎత్తు వెళ్లిందని ఎవరూ అడగరు. పారాచూట్‌తో దిగిందా, మళ్లీ ఎగరేసేలా ఉందా, అంతే చూస్తారు. మీరుండే చోట చట్టాలు ముందు కనుక్కోండి. గగనతలం అనుమతి, క్లబ్ అనుమతి రెండూ లేకుండా ఈ సైజు మోటార్ ముట్టుకోకూడదు.

జడివాన:
ధన్యవాదాలండీ, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

తోకచుక్క:
ఆకాశవీధి గారూ, డిలే సరిగ్గా ఉందని అంత నమ్మకంగా ఎలా చెప్తున్నారు? నాకు దాంతోనే దెబ్బ తగిలింది కాబట్టి అడుగుతున్నా. ఓపెన్‌రాకెట్‌లో డిజైన్ గీసి, సాఫ్ట్‌వేర్ చెప్పిన బరువే నమ్మి డిలే పెట్టాను. కట్టేసరికి ఎపాక్సీ జిగురు, రంగు కలిపి 120 గ్రాములు ఎక్కువైంది. బరువు పెరిగితే ఎత్తు తగ్గుతుంది, అపోజీ (అన్నిటికన్నా ఎత్తైన చోటు) త్వరగా వచ్చేస్తుంది, డిలే మాత్రం దాని టైమ్‌కే కాలుతుంది. నా రాకెట్ అపోజీ దాటి నాలుగు సెకన్లు కిందికి పడ్డాక చార్జ్ పేలింది. ఆ వేగంలో పారాచూట్ ఒక్కసారిగా విచ్చుకుంటే షాక్ కార్డ్ (పారాచూట్‌ని, కోన్‌ని గొట్టానికి కలిపే తాడు) గొట్టం అంచుని కత్తిలా కోసేసింది, జానెడు పొడవున. దీన్నే జిప్పర్ అంటారు.

ఆ 120 గ్రాములూ తోక వైపే చేరాయి కాబట్టి గరిమనాభి కూడా 3 సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. పీడన కేంద్రం (గాలి తోపు మొత్తం పనిచేసే బిందువు) అక్కడే ఉంటుంది, గరిమనాభి దాని దగ్గరికి వచ్చేస్తుంది. రెంటి మధ్య కనీసం ఒక గొట్టం వ్యాసమంత దూరం ఉండాలని అందరికీ తెలుసు. కానీ దాన్ని తెర మీద కాదు, మోటార్ వేసిన అసలు రాకెట్‌ని వేలి మీద నిలబెట్టి చూడాలి. ఇప్పుడు రంగు ఆరాక తూచి, ఆ బరువు, ఆ గరిమనాభి సాఫ్ట్‌వేర్‌లో వేశాకే డిలే ఎంచుకుంటాను.

ఆకాశవీధి:
తూచానండీ, ఆ జాగ్రత్త తీసుకున్నాను. వీడియోలో కూడా ఒరిగిన అర సెకనుకే చప్పుడు.

ఎత్తుపల్లాలు:
నా మాట వింటే ఎలక్ట్రానిక్స్‌కి వచ్చేయండి. ఆల్టిమీటర్ గాలి పీడనం చూసుకుని అపోజీ దగ్గర చార్జ్ పేలుస్తుంది, డిలే గొడవే ఉండదు. రెండు దశల్లో దింపితే ఇంకా మంచిది. పైన డ్రోగ్ అనే చిన్న పారాచూట్, కింద 200 మీటర్ల దగ్గర పెద్ద పారాచూట్. 1500 మీటర్ల ఎత్తులో పెద్దదే విచ్చుకుందనుకోండి, సెకనుకి 6 మీటర్లు దిగుతూ 250 సెకన్లు గాల్లో ఉంటుంది. సెకనుకి 5 మీటర్ల గాలి ఉంటే కిలోమీటరుంపావు అవతల పడుతుంది. డ్రోగ్‌తో 25 మీటర్ల చొప్పున దిగి 200 దగ్గర పెద్దది విప్పితే మొత్తం 85 సెకన్లే. అర కిలోమీటరు లోపే దొరుకుతుంది.

రెండో మెట్టు:
లెవెల్ 2కి అయితే ఒప్పుకుంటాను, మొదటి సర్టిఫికేషన్‌కి వద్దు. 450 మీటర్లు వెళ్లే రాకెట్‌కి మోటార్ ఎజెక్షన్ చాలు. ఆల్టిమీటర్ పెడితే బ్యాటరీ, స్విచ్, వైర్లు, గాలి రంధ్రాలు, ఇలా తప్పు జరగడానికి నాలుగు కొత్త చోట్లు తయారవుతాయి. నా జే మోటార్ రాకెట్‌లో 9 వోల్ట్ బ్యాటరీని ఒక్క ప్లాస్టిక్ టైతో కట్టాను. నేల మీద బీప్‌లు అన్నీ సరిగ్గా వచ్చాయి. లేచేటప్పటి ఊపుకి బ్యాటరీ కిందికి జారి క్లిప్ ఊడింది. పైకి వెళ్లాక ఆల్టిమీటర్‌కి కరెంటే లేదు.

ఎత్తుపల్లాలు:
బ్యాటరీని దాని అడుగు భాగం తోక వైపు ఉండేలా, కింద ఆనుకోవడానికి గట్టి పలక పెట్టి బిగించాలి. టై పక్కకి కదలకుండా మాత్రమే. అది నేనూ కష్టపడే నేర్చుకున్నాను. పెద్ద పారాచూట్ వైపు కోన్‌కి నైలాన్ షియర్ పిన్నులు (చార్జ్ పేలినప్పుడే తెగే సన్నని పిన్నులు) కూడా మర్చిపోవద్దు. డ్రోగ్ విప్పినప్పటి కుదుపుకే ఒకసారి నా కోన్ ఊడి, పెద్దది అపోజీలోనే బయటికొచ్చేసింది. ఇద్దరం రెండు చోట్ల నిలబడి దిక్సూచితో దిశ గుర్తుపెట్టుకున్నాం కాబట్టి దొరికింది, అది కూడా మూడు గంటలు నడిచాక.

సరే, మొదటి సర్టిఫికేషన్‌కి సాదాగా వెళ్లమనడంలో న్యాయం ఉంది. ఒప్పుకుంటున్నా.

ఆకాశవీధి:
గొట్టం కోశాను. గాలిపటం గారూ, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

నిప్పంటుకోని గుడ్డ మీద మసి పల్చగా, ఒక పక్కనే ఉంది. ముందు వైపు సెంటరింగ్ రింగ్ (మోటార్ గొట్టాన్ని బయటి గొట్టం మధ్యలో పట్టి ఉంచే వలయం) తీసి చూస్తే, మోటార్ గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య ఉన్న ఖాళీ అంతా నల్లగా ఉంది. అక్కడికి మసి రానే కూడదు. షాక్ కార్డ్‌ని మోటార్ గొట్టానికి కట్టి పైకి తీసుకురావడానికి ఆ రింగ్‌లో చిటికెన వేలు పట్టేంత గాడి కోశాను. కార్డ్ దూర్చాక గాడి చుట్టూ ఎపాక్సీతో మూయాలి. మూయలేదు. అక్కడి నుంచి మసి చార ఒకటి కిందికి రైల్ బటన్ (రాకెట్‌ని లాంచ్ రైల్‌కి పట్టించే బటన్) స్క్రూ దాకా వెళ్లింది. స్క్రూ రంధ్రం కొంచెం పెద్దదిగా తొలిచాను. వీడియోలో కనిపించిన పొగ తీగ అదే.

గాలిపటం:
అదీ సంగతి. చార్జ్ నుంచి వచ్చే వాయువు కొంచెమే, క్షణంలో పని అయిపోతుంది. పారాచూట్ ఉన్న చోటే కాకుండా కింద రెక్కల చుట్టూ ఉన్న ఖాళీని కూడా నింపాల్సి వస్తే పీడనం పడిపోతుంది. కోన్ వదులుగా ఉంటే ఆ తక్కువ పీడనానికైనా ఊడేదేమో. మంచుకి బిగుసుకున్న కోన్‌ని నెట్టలేకపోయింది. రెండు చిన్న తప్పులు ఒకే రోజు కలిశాయి.

కొత్తది కట్టేటప్పుడు వెనక రింగ్ ఆఖర్న అతికించండి. రెక్కల లోపలి ఫిల్లెట్లు (అతుకుల మూలల్లో పోసే ఎపాక్సీ) పోశాక, ముందు వైపు రింగ్‌కి వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. పారాచూట్ వైపు నుంచి వెలుగు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎపాక్సీ. స్క్రూలకి లోపల చెక్క ముక్క ఆనించి ఎపాక్సీతో బిగించండి. పారాచూట్ ఉన్న భాగంలో, గొట్టం పక్కన 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెట్టండి. ఎత్తుకి వెళ్లేకొద్దీ బయట పీడనం తగ్గుతుంది, లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే కోన్ ముందే ఊడిపోవచ్చు. ఆ రంధ్రం నుంచి పోయే వాయువు లెక్కలోకి రాదు.

అన్నిటికన్నా ముఖ్యం, నేల మీద ఎజెక్షన్ పరీక్ష. క్లబ్‌లో అనుభవం ఉన్నవాళ్ల సమక్షంలోనే, పారాచూట్, గుడ్డ, కార్డ్ అన్నీ ఎగరేసే రోజు ఎలా సర్దుతారో అలాగే సర్ది. కోన్ ముందు ఎవరూ నిలబడకూడదు. కోన్ ఊడితే చాలదు, పారాచూట్ పూర్తిగా బయటికొచ్చి కార్డ్ మొత్తం సాగాలి.

జడివాన:
పారాచూట్ ఎలా మడవాలో కూడా చెప్తారా?

తోకచుక్క:
దారాలు గుడ్డ చుట్టూ గట్టిగా చుట్టేయడం అందరూ చేసే తప్పు. బయటికొచ్చినా విచ్చుకోదు. దారాలు సమంగా చాపి, గుడ్డని గొడుగు మడిచినట్టు మడతల మీద మడతలు వేసి, దారాలు మడతల లోపల పెట్టి వదులుగా చుట్టండి. చలి రోజుల్లో కొద్దిగా టాల్కమ్ పౌడర్ చల్లితే గుడ్డ ఒకదానికొకటి అంటుకోదు. ముందు రోజు రాత్రే సర్దేసి ఉంచకండి, నలిగిన మడతలు అలాగే ఉండిపోతాయి.

ఆకాశవీధి:
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. అదే డిజైన్, కొత్త గొట్టం. టార్చ్ వేసి చూస్తే సూది మొనంత వెలుగు రెండు చోట్ల కనిపించింది, రెండూ మూశాను. నేల పరీక్ష రెండుసార్లు చేశాం. మొదటిసారి కోన్ ఊడింది కానీ పారాచూట్ సగం లోపలే ఇరుక్కుంది. గుడ్డని మరీ లావుగా మడిచాను. రెండోసారి అన్నీ బయటికొచ్చి కార్డ్ చివరిదాకా సాగింది.

నిన్న ఎగరేశాను. రైల్ దగ్గర కోన్ కుదిపి చూస్తే బిగుతుగా ఉంది, టేప్ ఒక చుట్టు తీసేశాను. మొదటిసారి ఇగ్నైటర్ అంటుకోలేదు. లాంచ్ కంట్రోలర్ తాళంచెవి తీసేసి నిమిషం ఆగి, దగ్గరికి వెళ్లి మార్చాం. రెండోసారి లేచింది. పైన టప్ మన్నాక రెండు సెకన్లు ఏమీ కనిపించలేదు, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. తర్వాత నారింజ రంగు చుక్క ఒకటి విచ్చుకుంది. దగ్గర్లోనే దిగింది. సర్టిఫై చేసిన పెద్దాయన రెక్కలు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసి, కార్డ్ ముడి చూసి, సంతకం పెట్టారు.

ఒక రెక్క మొదట్లో ఫిల్లెట్ మీద వెంట్రుకంత గీత కనిపిస్తోంది. అది రంగు పగులా, ఎపాక్సీ పగులా?

రెండో మెట్టు:
చాలా సంతోషమండీ, లెవెల్ 1కి అభినందనలు! గీత ఉన్న చోట రంగుని సన్నని గరుకు కాగితంతో గీకేయండి. ఎపాక్సీ మీద గీత కనిపించకపోతే రంగు పగులే. కనిపిస్తే, రెక్కని పక్కకి మెల్లగా వంచి చూడండి, గీత తెరుచుకుంటుంటే ఆ ఫిల్లెట్ మొత్తం తీసి మళ్లీ పోయాలి. ఐ మోటార్ వేసే ముందు మాత్రం తప్పకుండా చూడండి.

ఆకాశవీధి:
గీకాను. రంగే.