పాత కెర్నెల్ హెడర్లతో ఫైల్‌సిస్టమ్ టూల్ బిల్డ్ కావడం లేదు: వర్షన్ పోల్చి చూస్తే సరిపోతుందా?

ప్రశ్న:
మా టూల్ ఫైళ్ల వివరాలను స్టాట్‌ఎక్స్ అనే సిస్టమ్ కాల్‌తో (కెర్నెల్‌ను పని అడిగే పిలుపుతో) చదువుతుంది. నకలు తీసేటప్పుడు డిస్కు మీద ఉన్న బ్లాకులనే రెండు ఫైళ్లూ పంచుకునేలా ఎఫ్ఐక్లోన్ అనే ఐఓసీటీఎల్‌ను (కెర్నెల్‌కు సంఖ్యతో ఇచ్చే ఆదేశాన్ని) వాడుతుంది. కెర్నెల్ హెడర్లు (కెర్నెల్ నిర్వచనాలుండే ఫైళ్లు) 3.10, జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) 2.17 ఉన్న బిల్డ్ సర్వర్‌లో మాత్రం ఈ రెండు పేర్లూ తెలియవంటూ కంపైలర్ ఆగిపోతోంది. హెడర్లలోని లినక్స్ వర్షన్ కోడ్ 4.11 కంటే తక్కువగా ఉంటే ఆ భాగాన్ని వదిలేయాలనుకుంటున్నాను. ఇది సరైన పద్ధతేనా?

మొదటి సమాధానం:
దయచేసి అలా చేయకండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో కెర్నెల్ సంఖ్య చివరిదాకా 3.10గానే ఉన్నా, తర్వాతి కెర్నెళ్లలో వచ్చిన మార్పులను ఎన్నింటినో అందులోకి తెచ్చారు కాబట్టి, సంఖ్యను చూసి సదుపాయం ఉందో లేదో చెప్పలేము. వర్షన్‌ను కాక, మీకు కావలసిన నిర్వచనం ఉందా అనే పరీక్షించండి.

ఎఫ్ఐక్లోన్ మాక్రో కనుక ఇఫ్‌ఎన్‌డెఫ్‌తో (ఆ పేరు నిర్వచించి లేకపోతేనే వర్తించే షరతుతో) చూసి, లేకపోతే మీరే నిర్వచించుకోవచ్చు. 4.5లో ఆ పేరు రాకముందు బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో ఇదే పని చేసిన ఐఓసీటీఎల్ సంఖ్యనే దానికీ ఉంచారు. అందువల్ల మీ నిర్వచనం పాత కెర్నెల్ మీద, బీటీఆర్ఎఫ్ఎస్ డిస్కులో కూడా పనిచేస్తుంది.

స్టాట్‌ఎక్స్ తన వివరాలను నింపి ఇచ్చే స్ట్రక్ట్ సంగతి వేరు. ఇఫ్‌ఎన్‌డెఫ్ లాంటి షరతులను చూసే ప్రీప్రాసెసర్‌కు అది కనిపించదు కాబట్టి, బిల్డ్‌కు ముందు ఇలాంటివి ఉన్నాయేమో చూసే ఆటోకాన్ఫ్‌తో పరీక్షించాలి, లేదా నిర్వచనాన్ని మీ సొంత పేరుతో కాపీ చేసుకుని సిస్కాల్ ఫంక్షన్ ద్వారా (సిస్టమ్ కాల్ సంఖ్య ఇచ్చి నేరుగా) స్టాట్‌ఎక్స్‌ను పిలవాలి. పేరు మార్చడం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఉదాహరణకు, జీలిబ్‌సీ 2.36లో మౌంట్ హెడర్‌కూ కెర్నెల్ మౌంట్ హెడర్‌కూ మధ్య ఒకే పేర్లతో ఘర్షణ వచ్చి, రెండింటినీ కలిపి వాడిన ప్రోగ్రాములు బిల్డ్ కాకుండా పోయాయి. సిస్కాల్ సంఖ్యలను ఆర్కిటెక్చర్‌వారీగా ఇవ్వడం మరవకండి: స్టాట్‌ఎక్స్‌కు ఎక్స్86-64లో 332, ఆర్మ్64లో 291.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూ ఒకటి చేర్చాలి. బిల్డ్ సమయంలో ఉన్న హెడర్లకూ, ప్రోగ్రామ్ నడిచే చోట ఉన్న కెర్నెల్‌కూ సంబంధం ఉండాలని లేదు. స్టాట్‌ఎక్స్ ఈనోసిస్ (ఆ కాల్ కెర్నెల్‌లో లేదనే లోపం) ఇస్తే, ఫైల్ వివరాలిచ్చే పాత ఎఫ్‌స్టాట్‌ఎట్‌కు మళ్లండి. పాత కంటైనర్లలో కొన్నిచోట్ల సెక్‌కాంప్ నిబంధనల (ఏ సిస్టమ్ కాల్స్‌ను అనుమతించాలో చెప్పేవాటి) వల్ల ఈపెర్మ్ (అనుమతి లేదనే లోపం) వస్తుంది కనుక దాన్ని కూడా అనుమానించండి. ఎఫ్ఐక్లోన్ విఫలమైతే మామూలుగా చదివి రాసే దారి సిద్ధంగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సొంత పేరుతో స్ట్రక్ట్ పెట్టాక బిల్డ్ పూర్తయింది. అయితే 5.8లో చేరిన మౌంట్ ఐడీ ఫీల్డు కూడా మా కాపీలో ఉంది; 4.11 కెర్నెల్ మీద అది మెమరీని పాడుచేస్తుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
పాడుచేయదు. ఆ స్ట్రక్ట్‌కు మొదటినుంచీ 256 బైట్లు కేటాయించి, కొత్త ఫీల్డులను అందులో ఖాళీగా ఉంచిన చోట్లలోనే చేరుస్తున్నారు. ఏ ఫీల్డులు నింపిందో చెబుతూ కెర్నెల్ తిరిగి ఇచ్చిన మాస్క్‌లో ఆ ఫీల్డు బిట్ ఉంటేనే విలువను నమ్మండి. పాత కెర్నెల్ ఆ బిట్‌ను పెట్టదు.