నూరేళ్ల వరద అంటే నూరేళ్లకు ఒకసారేనా?

సింగ్‌నగర్ అద్దెదారు:
విజయవాడ సింగ్‌నగర్‌లో మేము అద్దెకున్న ఇంటి గోడమీద, స్విచ్‌బోర్డుకు జానెడు పైన, 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వాగు వరద నీటి చార రెండుసార్లు సున్నం కొట్టించినా కనిపిస్తూనే ఉంది. అదే వీధిలో 30 ఏళ్ల గృహరుణంతో ఇల్లు కొందామనుకుంటే, నూరేళ్లకొకసారి వచ్చే వరద వచ్చి పోయింది, ఇక మన కాలంలో రాదని అమ్మేవారు ధీమాగా చెబుతున్నారు. వాతావరణ మార్పుతో ఈ లెక్క మారుతుందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత ఇంజనీరు:
ఆ మాటకు అర్థం అది కాదండి. ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం నూటికి 1 వంతు ఉన్న వరదను అలా అంటారు. మొన్ననే వచ్చింది కదా అని ఈ ఏడు ఆ అవకాశం తగ్గదు. మీ రుణం తీరే 30 ఏళ్లలో కనీసం ఒకసారి అది వచ్చే అవకాశం సుమారు 26 శాతం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు కాబట్టి, కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. అదే వరద పాతికేళ్ల వరదగా మారిందనుకుంటే (ఇది ఉదాహరణే, బుడమేరుకు కట్టిన లెక్క కాదు), ఆ 26 శాతం 70 దాటుతుంది. మీ వీధిలో ఒక్క కొత్త ఇల్లు లేవకపోయినా ముప్పు పెరిగినట్లే.

కృష్ణలంక వాసి:
లెక్క సరే, కానీ తప్పంతా వానదే అంటే నేను ఒప్పుకోను. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర 2009 నాటి రికార్డును మించి 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణా నీరు కిందికి పోయినా, నది ఒడ్డునే ఉన్న మా కృష్ణలంకను రిటైనింగ్ వాల్ (రక్షణ గోడ) కాపాడింది. సింగ్‌నగర్‌ను ముంచింది నది కాదు, కట్టకు గండ్లు పడిన బుడమేరు వాగు. అది పొంగితే నీరు పరుచుకోవలసిన పల్లంలోనే మనం కాలనీలు కట్టుకున్నాం. గోదావరికైతే ఎగువ నీరు దిగడానికి వ్యవధి ఉంటుంది, భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఇస్తారు. వాగుకు ఒక్క రాత్రి వాన చాలు.

సింగ్‌నగర్ అద్దెదారు:
అయితే పై అంతస్తులో ఫ్లాట్ తీసుకుంటే సరిపోతుందా?

విశ్రాంత ఇంజనీరు:
సామాను తడవదు, అంతవరకే. 2024లో పై అంతస్తులవారు కూడా తాగునీరు, కరెంటు లేక పడవల కోసం ఎదురుచూశారు. చూసే ఫ్లాట్లలో కరెంటు మీటర్లు, నీటి మోటారు ఆ చారకు ఎంత ఎత్తున ఉన్నాయో ముందుగా టేపు పెట్టి కొలవండి.