నాన్న మందు మానేశారు, లివర్ కోలుకోవడానికి ఏం పెట్టాలి?

నాన్న సంక్రాంతి తర్వాత మందు పూర్తిగా మానేశారు. అప్పుడు స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ (లివర్‌లో ఒక మోస్తరుగా కొవ్వు చేరడం) అని వచ్చింది. రక్త పరీక్షలో చూసే లివర్ ఎంజైముల్లో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీకి రెట్టింపు పైనే ఉండేది. ఇప్పుడు రెండూ దిగాయి కానీ జీజీటీ (తాగుడు వల్ల పెరిగే మరో లివర్ ఎంజైము) ఇంకా ఎక్కువే. కొవ్వు దశలోనే ఉంటే మందు ముట్టకపోతే తగ్గిపోతుందని డాక్టర్ గారు చెప్పారు. మానేసిన వెంటనే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) చేస్తే వాపు వల్ల రీడింగ్ ఎక్కువ చూపిస్తుందట, అందుకే ఆగి చేయించమన్నారు.

నా టెన్షన్ అంతా తిండి గురించే. అన్నం సయించడం లేదంటారు. పొద్దు వాలితే చాలు, స్వీట్లు, కూల్ డ్రింకులు అడుగుతున్నారు. కండ కరిగిపోయి చొక్కా భుజాల మీంచి జారుతోంది. చుట్టాలేమో గుడ్లు, పప్పు తగ్గించమంటారు. డాక్టర్ గారు ప్రోటీన్ అసలు తగ్గించొద్దన్నారు, నాకూ అదే సబబనిపిస్తోంది. పిన్ని నేల ఉసిరి రసం పరగడుపున తాగించమంటోంది. కొన్ని ఆకు మందులు లివర్‌నే దెబ్బతీస్తాయని విన్నాను, అందుకే డాక్టర్ని అడగకుండా ఇవ్వబుద్ధి కావడం లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ దశ దాటారా? సాయంత్రం ఆ వేళకు ఏం పెట్టేవారు? రాత్రి పడుకునే ముందు ఏమైనా తినిపించేవారా? జీజీటీ మామూలుకు రావడానికి ఎన్నాళ్లు పట్టింది? దయచేసి చెప్పండి.