తెల్లబడిన అనిమోన్‌కి తిండి పెట్టాలా, వద్దా?

గాజుపెట్టె:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో మాది ఉప్పునీటి ట్యాంక్, ఏడాది దాటింది. మొన్న మా బావమరిది ఒక బబుల్ టిప్ అనిమోన్ (రాయికి అంటుకుని ఉండే పువ్వులాంటి సముద్ర జీవి) తెచ్చాడు. మొత్తం తెలుపే, గోధుమరంగు చుక్క కూడా లేదు. "వైట్ వెరైటీ, మళ్లీ దొరకదు" అని అమ్మినాయన మామూలు దానికంటే ఎక్కువే తీసుకున్నాడట. చూస్తే ఇది బ్లీచ్ అయిన, అంటే రంగు పోయి తెల్లబడిన జీవి. పాదం రాయిని పట్టుకునే ఉంది, నోరు మూసే ఉంది. ఒకరేమో రొయ్య తినిపించమంటున్నారు. ఇంకొకరేమో ముట్టుకోకు, లైట్ ఫుల్లుగా పెట్టు చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

విశాఖరీఫ్:
తిండి వద్దు. దాని ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచు పోయింది కాబట్టే తెల్లబడింది. నాచు మళ్లీ పెరగాలంటే కావలసింది వెలుతురు, రొయ్య కాదు. నీరసంగా ఉన్నదానికి ముక్క పెడితే మర్నాటికి కక్కేస్తుంది, ఆ కక్కింది కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. 2024 వేసవిలో లక్షద్వీప్‌లో ఇలాగే నాచు పోయి పగడాలు తెల్లబడితే ఎవరు వెళ్లి తినిపించారు? నీళ్లు చల్లబడ్డాక కోలుకున్నవి కోలుకున్నాయి.

కడలిరావు:
కోలుకున్నవాటి సంగతి చెప్పారు, పోయినవాటి సంగతో? సముద్రంలో ప్రతి అలతోనూ ఏదో ఒక ప్లాంక్టన్ (నీళ్లలో తేలే చిన్న జీవి) వచ్చి అనిమోన్ టెంటకిల్స్‌కి, అంటే వేళ్లలాంటి వాటికి తగులుతుంది. మన ట్యాంకులో నీళ్లు శుభ్రం చేసే స్కిమ్మర్ అదంతా లాగి పారేస్తుంది. బాగున్న అనిమోన్‌కి కావలసిన శక్తిలో చాలా భాగం ఆ నాచే వెలుతురుతో తయారుచేసి ఇస్తుంది. అది పోయాక ఉన్న కండ కరిగించుకుని బతుకుతుంది, రోజురోజుకీ చిక్కిపోతుంది. లోపల మిగిలిన కాసిన్ని నాచు కణాలు మళ్లీ పెరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటిదాకా దాన్ని నిలబెట్టేది తిండే.

కక్కుతుందన్నది నిజమే. ముక్క పెద్దదైతే కక్కుతుంది. కందిగింజంత ముక్క చాలు. ఉప్పూ కారం తగలని పచ్చి రొయ్య, పెంకు తీసి, ట్యాంకు నీళ్లలోనే తడిపి, వేవ్ పంపు ఆపి, పట్టకారుతో టెంటకిల్స్‌కి తాకించండి. అవి అతుక్కుని ముక్కను నోటివైపు లాక్కుంటే జీవిలో ఇంకా సత్తువ ఉన్నట్టు. అతుక్కోకపోతే బలవంతంగా నోట్లో కుక్కొద్దు, అంతకన్నా చిన్నవైన మైసిస్ రొయ్యలు ప్రయత్నించండి. ట్యాంకులో క్లీనర్ ష్రింప్ అనే రొయ్య ఉందా? నోట్లోంచి కూడా లాక్కుపోతుంది దొంగముండ. ప్లాస్టిక్ సీసాను సగానికి కోసి, పక్కల చిల్లులు పెట్టి, అనిమోన్ మీద బోర్లించి అరగంట ఉంచండి. రెండు మూడు రోజులకోసారి ఇలా చేస్తే చాలు, రోజూ అక్కర్లేదు.

ఇక లైట్ ఫుల్లుగా పెట్టమన్నవాళ్ల మాట మాత్రం అస్సలు వినొద్దు. అసలు బ్లీచింగ్ జరిగేదే ఎక్కువగా వేడీ, తీవ్రమైన వెలుతురూ కలిసి నాచును దెబ్బతీయడం వల్ల. మిగిలిన నాలుగు కణాలనూ కాల్చేస్తారా? మీటర్ ఉంటే పార్ (నాచుకి పనికొచ్చే వెలుతురు కొలత) 80, 100 మధ్య మొదలుపెట్టి వారాల మీద పెంచండి.

విశాఖరీఫ్:
లైట్ మెల్లగా పెంచాలన్నది ఒప్పుకుంటా. తిండి విషయంలో కాదు. మీరు పట్టకారు పట్టుకుని అరగంట ఓపిక పడతారు, కొత్తవాళ్లు పడరు. పెద్ద ముక్క వేసి, పంపు ఆన్ చేయడం మర్చిపోయి, పొద్దున్నే ఇక్కడికొచ్చి ఏడుస్తారు.

నీటిలెక్క:
మీరిద్దరూ కొట్టుకునే ముందు ఆయన నీళ్ల సంగతి అడగరా? హైదరాబాద్‌లో మే నెల, ఫ్లాట్‌లో పై అంతస్తు అయితే ట్యాంకు 30 డిగ్రీలు దాటడం ఎంతసేపు! నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఉందా? లేకపోతే నీటి మీదికి ఫ్యాన్ పెట్టి, ఆవిరైనంత ఆర్వో నీళ్లు రోజూ పోయాలి. 26 దగ్గర నిలకడగా ఉంచండి. సెలైనిటీ, అంటే నీటి ఉప్పదనం, వెయ్యికి 35 వంతులు. పవర్ హెడ్‌కి (నీళ్లు తిప్పే పంపుకి) స్పాంజి గార్డు తప్పనిసరి, చోటు నచ్చకపోతే అనిమోన్ రాత్రికి రాత్రి నడిచి వెళ్లి అందులో ఇరుక్కుంటుంది.

గాజుపెట్టె:
చిల్లర్ ఉంది, 26.5 చూపిస్తోంది. సెలైనిటీ పాత ముల్లు మీటరుతో చూస్తున్నా. షాపాయన సిప్రోఫ్లాక్సాసిన్ వేయమన్నాడు. అనిమోన్‌లో కాపురముండే క్లౌన్ చేపల జంటను వదిలితే త్వరగా కోలుకుంటుందని కూడా అన్నాడు.

కడలిరావు:
సిప్రో బ్యాక్టీరియాకి మందు. నోరు వేలాడేసి, రోజూ పూర్తిగా ముడుచుకుపోతుంటే విడి తొట్టిలో పెట్టి వాడతారు. తెల్లబడటం ఇన్ఫెక్షన్ కాదు. క్లౌన్ చేపల అమ్మోనియా నాచుకి ఎరువన్నది నిజమే, కానీ నాచు ఉన్నప్పుడు కదా! ఇప్పుడు వదిలితే నీరసంగా ఉన్నదాన్ని రాత్రీ పగలూ కుమ్ముతాయి. రంగు తిరిగాక చూద్దాం.

అలలమ్మ:
నాకు తిండి గొడవకంటే ఆ "వైట్ వెరైటీ" మాట ఎక్కువ మండిస్తోంది. జబ్బుపడ్డదాన్ని ఎక్కువ ధరకి కొంటే షాపువాడు వచ్చేసారి తెల్లవే తెప్పిస్తాడు. క్లౌన్ చేపల్ని మన దేశంలోనే సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు పెంచి చూపించారు. అనిమోన్లు చాలావరకు ఇంకా సముద్రంలోంచి పీకినవే. ఇవి అల్పాయుష్షు జీవులు కూడా కావు. స్కాట్లాండ్‌లో డాలియెల్ అనే ఆయన 1828లో తెచ్చిన అనిమోన్ ఒకటి, ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా బతికింది. దానికి గ్రానీ అని పేరు. అది చల్లనీటి జాతి, నాచు అవసరం లేనిది, సరే. అయినా అన్నేళ్లు బతకగలిగే జీవిని మనం నెలల్లో చంపుతున్నాం.

కడలిరావు:
అయితే ఇంటికొచ్చినదాన్ని వదిలేయమంటారా అమ్మా?

అలలమ్మ:
అలా ఎందుకంటాను? మీరు చెప్పినట్టే సీసా బోర్లించి పెట్టుకోనివ్వండి. కొనడం గురించే నా గోల. బబుల్ టిప్ ట్యాంకులోనే రెండుగా చీలుతుంది, హాబీవాళ్ల దగ్గర ఆ పిల్లలు దొరుకుతాయి. అవి కొనుక్కోవచ్చు.

గాజుపెట్టె:
రాత్రి సీసా కింద చిన్న ముక్క పెట్టా. మెల్లగా లాక్కుంది, పొద్దుటిదాకా కక్కలేదు. లైట్ తగ్గించా. బావమరిది ఫోన్ చేశాడు, షాపులో ఇంకో తెల్లది ఉందట, సగం ధరకే ఇస్తానన్నాడట.

విశాఖరీఫ్:
తిండి విషయంలో నా మాట నాదే, ఒక్క రాత్రి కక్కకపోతే నెగ్గినట్టు కాదు. ఆ రెండోదాని విషయంలో మాత్రం అలలమ్మ గారి పక్షమే. ఆ డబ్బులతో ఉప్పదనం సరిగ్గా కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనుక్కో తమ్ముడూ, ముల్లు మీటర్‌ని నమ్మకు.