మి.గ్రా./మి.లీ., మైక్రోగ్రామ్/మైక్రోలీటర్: 1000తో ఎప్పుడు గుణించాలి, ఎప్పుడు భాగించాలి?

ప్రశ్న (ప్రొటీన్ ల్యాబ్ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. ప్రొటీన్ల మీద పనిచేసే ల్యాబ్‌లో కొత్తగా చేరాను. మా బీఎస్‌ఏ స్టాండర్డ్ (గాఢత ముందే తెలిసిన బోవైన్ సీరం ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రావణం) సీసా మీద 2 మి.గ్రా./మి.లీ. అని ఉంది. స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన గాఢతల రీడింగులతో వేసే గ్రాఫ్) మాత్రం మైక్రోగ్రామ్/మి.లీ.లో గీస్తాం. జెల్‌లో ఒక్కో వెల్‌కి (శాంపిల్ పోసే గుంటకి) 20 మైక్రోగ్రాముల ప్రొటీన్ వేయమంటారు. పిపెట్ మీదేమో మైక్రోలీటర్లు ఉంటాయి.

నా శాంపిల్‌ని 10 రెట్లు పలుచన చేసి రీడింగ్ తీస్తే 180 మైక్రోగ్రామ్/మి.లీ. వచ్చింది. అసలు శాంపిల్ ఎన్ని మైక్రోలీటర్లు తీసుకోవాలి? ఆన్‌లైన్ కన్వర్టర్లు ఉన్నాయని తెలుసు. కానీ గుణించాలా, భాగించాలా అన్న దగ్గర ప్రతిసారీ టెన్షన్ పడకుండా, వచ్చిన జవాబు సరైనదేనని నా అంతట నేను తేల్చుకోగలిగే పద్ధతి కావాలి.

జవాబు (పీహెచ్‌డీ విద్యార్థి)

పలుచన లెక్క ముందు పూర్తి చేయండి: 180 × 10 = 1800 మైక్రోగ్రామ్/మి.లీ. అంటే 1.8 మైక్రోగ్రామ్/మైక్రోలీటర్. 20ని 1.8తో భాగిస్తే సుమారు 11.1 మైక్రోలీటర్లు. లోడింగ్ బఫర్ (జెల్‌లో వేసే ముందు శాంపిల్‌తో కలిపే ద్రావణం) నాలుగు రెట్ల గాఢతది అయితే దానికి 3.7 మైక్రోలీటర్లు కలపండి. మొత్తం 14.8 అవుతుంది. మీ వెల్‌లో అంత పడుతుందో లేదో ముందే చూసుకోండి.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్)

లెక్క పైన వచ్చేసింది కాబట్టి పద్ధతి గురించి రాస్తాను. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే.

గాఢతను ఒకే యూనిట్‌లా చదవకండి. పైన ద్రవ్యరాశి, కింద ఘనపరిమాణం ఉన్న భిన్నంలా రాయండి. పైన మిల్లీని మైక్రో చేస్తే అంకె 1000 రెట్లు పెరుగుతుంది. కింద మిల్లీని మైక్రో చేస్తే అదే అంకె 1000 రెట్లు తగ్గుతుంది, ఎందుకంటే ఇప్పుడు మీరు చూస్తున్నది చాలా చిన్న బొట్టు, అందులో పట్టే పదార్థమూ తక్కువే. రెండూ ఒకేసారి మారిస్తే అంకె కదలదు. అందుకే మీ 2 మి.గ్రా./మి.లీ. సీసా 2 మైక్రోగ్రామ్/మైక్రోలీటర్ కూడా, 2 గ్రామ్/లీటర్ కూడా.

ఇలా చూస్తే గుర్తుంచుకోవాల్సినవి రెండే కుటుంబాలు. మొదటిది ఇప్పుడు చెప్పింది. రెండోది మైక్రోగ్రామ్/మి.లీ., నానోగ్రామ్/మైక్రోలీటర్, మి.గ్రా./లీటర్. కుటుంబం లోపల అంకె మారదు. మొదటి దాని నుంచి రెండో దానికి వెళ్తే 1000తో గుణించాలి, వెనక్కి వస్తే భాగించాలి. మీ 1800 కాస్తా 1.8 అయింది ఆ ఒక్క గెంతుతోనే.

శాతం కనిపిస్తే ఆగి చూడండి. బరువు/ఘనపరిమాణం శాతం అంటే 100 మి.లీ.లో ఎన్ని గ్రాములని. 1 శాతం అంటే 10 మి.గ్రా./మి.లీ. బ్లాకింగ్ (యాంటీబాడీలు అనవసర చోట్ల అంటుకోకుండా చూడటం) కోసం చేసే 5 శాతం బీఎస్‌ఏ 50 మి.గ్రా./మి.లీ. అవుతుంది. రక్త పరీక్షల్లో వాడే డెసిలీటర్ కూడా 100 మి.లీ.యే, కాబట్టి 100 మి.గ్రా./డె.లీ. గ్లూకోజ్ అంటే 1 మి.గ్రా./మి.లీ.

లేబుల్ మీద యూనిట్ రాయకుండా అంకె ఒక్కటే రాసే అలవాటు నాకు అస్సలు నచ్చదు. ఆంపిసిలిన్ (యాంటీబయాటిక్) స్టాక్ మామూలుగా 100 మి.గ్రా./మి.లీ., మీడియాలో (బ్యాక్టీరియాను పెంచే ద్రావణంలో) ఉండాల్సింది 100 మైక్రోగ్రామ్/మి.లీ. అంకె అదే, తేడా 1000 రెట్లు. 500 మి.లీ. మీడియాకి ఆ స్టాక్ 500 మైక్రోలీటర్లు సరిపోతుంది. వట్టి ‘100’ అని రాసున్న ట్యూబ్ పట్టుకుని ఎవరైనా ఏం చేయగలరు? ఇంకొకటి, చేత్తో రాసిన మ్యూ గుర్తు తొందరలో మిల్లీలా కనబడుతుంది. ట్యూబ్ మీద చోటుంటే ‘మైక్రో’ అని పూర్తిగా రాయండి.

జవాబు (అనలిటికల్ కెమిస్ట్)

పై పద్ధతి ద్రవ్యరాశి/ఘనపరిమాణం యూనిట్లకే. బరువు/బరువు యూనిట్ వస్తే సాంద్రత లేకుండా అడుగు వేయకండి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద ఉండే 37 శాతం బరువు/బరువు లెక్క. సాంద్రత సుమారు 1.18 గ్రామ్/మి.లీ. కాబట్టి లీటరులో ఉండేది 370 గ్రాములు కాదు, దాదాపు 437.

పీపీఎం (పది లక్షల్లో ఒక భాగం, అంటే 1 మి.గ్రా./కిలో) కూడా అంతే. పలుచని నీటి ద్రావణాల్లో 1 పీపీఎం అంటే 1 మి.గ్రా./లీటర్ అనుకోవచ్చు, ఎందుకంటే లీటరు నీరు దాదాపు కిలో తూగుతుంది. ఇథనాల్ సాంద్రత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 0.789, కాబట్టి అందులో 1 మి.గ్రా./కిలో అంటే 0.79 మి.గ్రా./లీటర్ మాత్రమే.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. భిన్నంలా రాసి చూస్తే 1800 నుంచి 1.8 ఎలా వచ్చిందో ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది. ఇదే దారిలో మోలార్‌కి (లీటరుకు ఎన్ని మోల్‌లు) కూడా వెళ్లొచ్చా? మా సీసాలోని బీఎస్‌ఏ ఎన్ని మైక్రోమోలార్?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్)

వెళ్లొచ్చండి, అణుభారం తెలిస్తే చాలు. ముందు గ్రామ్/లీటర్‌లోకి తెచ్చుకోండి: మీది 2. బీఎస్‌ఏ అణుభారం సుమారు 66,500. 2ని దానితో భాగిస్తే 0.00003 మోలార్, అంటే దాదాపు 30 మైక్రోమోలార్.