పాత లేత్‌కి బెల్టు మార్చుకుంటా ఉండాలా, డ్రైవ్ పెట్టేయాలా? తేల్చండి

చంద్రగిరి_చెక్కముక్క:
అందరికీ నమస్తే. పోయిన నెల చిత్తూరు పక్కన మంచం కోళ్ళు తిప్పే ఒకాయన షెడ్డు మూసేస్తా ఉంటే ఆయన చెక్క తిప్పే లేత్ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నా. మా నాయన చూసి "తరిమెన తెచ్చినావా" అన్నాడు, ఆ మాట నేను వినడం అదే మొదలు. కాస్ట్ ఐరన్ బెడ్డు, ఆటోలోనించి దింపేదానికి వీధిలో ఉండే మగోళ్ళనంతా పిలవాల్సొచ్చింది. మోటర్ 1 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, ప్లేటు మింద 1440 (నిముషానికి అన్ని చుట్లు) అని ఉండాది. పుల్లీలు నాలుగు మెట్లవి, మోటర్‌ది 2, 3, 4, 5 ఇంచులు, దాని ఎదురుగా చెక్కని తిప్పే ఇరుసు, అదే స్పిండిల్‌ది 6, 5, 4, 3.

ఇప్పుడు నా బాధ ఏందంటే స్పీడు మార్చాలంటే మోటర్ కింద నాలుగు బోల్టులు లూజు చెయ్యాల, మోటర్ ముందుకి తొయ్యాల, బెల్టు పక్క మెట్టుకి జరపాల, మళ్ళా కట్టె పెట్టి మోటర్ని ఎగేసి పట్టుకోని బిగించాల, పది నిముషాలు పడతాది, ఒక గిన్నెకి మూడు సార్లు మార్చినామంటే అర్ధగంట దీనికే సరిపోతాది. మోటర్ మార్చి డ్రైవ్ (మోటర్ స్పీడు పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ డబ్బా) పెట్టు, నాబ్ తిప్పుకో అని ఒకరు, బెల్టు జోలికి పోవద్దని ఇంకొకరు. ఏది కరెక్టు?

తిరుచానూరు_బుల్లెట్:
అన్నా అంత ఖర్చెందుకు, పెద్ద సైజు ఫ్యాను రెగ్యులేటర్ దొరకతాది, అది పెట్టేయ్.

కాయిల్_మామ:
పైన చెప్పింది చెయ్యొద్దప్పా, చేస్తే నాకే గిరాకీ. నాకు మోటర్ వైండింగ్ షాపు ఉండాది, ఇట్లా కాలిపోయినవి నెలకి ఒకటన్నా వస్తాది. ఈ కెపాసిటర్ స్టార్ట్ మోటర్ల లోపల ఒక సెంట్రిఫ్యూగల్ స్విచ్చి ఉంటాది, మోటర్ స్పీడు అందుకోగానే టక్ మని స్టార్టింగ్ వైండింగ్‌ని కట్ చేస్తాది. నువ్వు రెగ్యులేటర్‌తో స్పీడు దించినావనుకో, ఆ స్విచ్చి మళ్ళా మూసుకుంటాది, క్షణం సేపు పని చెయ్యాల్సిన వైండింగ్ అట్లనే కరెంట్‌లో ఉండిపోతాది, ఐదు నిముషాల్లో పొగ. డ్రైవ్ కూడా ఈ మోటర్‌కి పెట్టకూడదు, త్రీ ఫేజ్ మోటరే కావాల. ఇంట్లో సింగిల్ ఫేజే ఉన్నా పర్లేదు, 230 తీసుకోని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్‌లు ఉండాయి, కాకపోతే మోటర్ టెర్మినల్ బాక్సులో పత్తీలు డెల్టాకి మార్చుకోవాల (స్టార్, డెల్టా అంటే వైండింగులు కలిపే రెండు పద్ధతులు), ప్లేటు మింద డెల్టా 230, స్టార్ 415 అని రాసుందో లేదో చూసి కొను.

రేణిగుంట_ఫిట్టర్:
డ్రైవే తమ్ముడూ, ఆలోచించబల్లేదు. కారణం టైము కాదు. బెల్టు మార్చడం కష్టమైనప్పుడు మనిషి మార్చడు, అంతే. నేనూ అట్లనే, నాలుగేళ్ళు బెల్టు మిషన్ మింద చేసినా, సగం రోజులు 1440 మెట్టు మిందనే వదిలేసేవాణ్ణి, "ఈ ఒక్కదానికి ఏం మారుస్తాంలే" అని. ఒక రోజు పచ్చి మామిడి మొద్దు, 12 ఇంచుల గిన్నె, ఒక పక్క బెరడు కూడా తియ్యలేదు, అట్లనే స్విచ్చేసినా. మిషన్ మొత్తం డ్యాన్స్ ఆడింది, నేను పక్కకి జరిగేలోపల మొద్దు స్క్రూలు పీక్కోని పోయి ట్యూబులైటు పగలగొట్టి గోడకి తగిలింది, ఆ సొట్ట ఇప్పటికీ ఉండాది, సున్నం వేసినా కనపడతాది. లెక్కేసుకో, 12 ఇంచుల గిన్నె 1440లో తిరిగితే దాని అంచు గంటకి 80 కిలోమీటర్ల పైన పోతా ఉంటాది, తిరుమల ఘాట్‌లో బస్సు కూడా అంత స్పీడు పోదు. నాబ్ ఉంటే సున్నా నించి మెల్లగా పెంచుకుంటా, మిషన్ ఎక్కడ వణికితే ఆడ ఆపుతాం. బెల్టులో ఆ అవకాశం ఏది?

కోళ్ళ_తాత:
నేను ముప్పై ఏళ్ళు మంచం కోళ్ళు తిప్పినోణ్ణి. పేరు చూసి కోళ్ళ ఫారం అనుకోని గుడ్ల రేటు అడగొద్దండి, ఇంతకు ముందు ఒకాయన నిజంగా అడిగినాడు.

ఫిట్టర్ నాయనా, మొద్దు ఎగిరింది బెల్టు తప్పా, చూసుకోకుండా స్విచ్చేసిన నీ తప్పా? నాబ్‌ది కూడా అదే కథ, నిన్న కవ్వం చేసి నాబ్ ఎక్కువ స్పీడు మింద వదిలేసి ఈరోజు పొద్దున పెద్ద మొద్దు ఎక్కిస్తే అంతే సంగతి.

పిల్లోడికి లెక్క చెప్తా. 1440ని మోటర్ పుల్లీ ఇంచులతో గుణించి స్పిండిల్ పుల్లీ ఇంచులతో భాగించు. నీ నాలుగు మెట్లు 480, 864, 1440, 2400. ఇంక చెక్క అడ్డం ఎన్ని ఇంచులో దాన్ని స్పీడుతో గుణిస్తే 6000 నించి 9000 మధ్యలో ఉండాల. 3 ఇంచుల కోడుకి 2400 సరి, 12 ఇంచుల గిన్నెకి 500 నించి 750, అంటే నీకు 480 మెట్టు. పచ్చిది, బరువు ఒక పక్కకి ఉండేది అయితే ఇంకా కిందనించి మొదలుపెట్టాల. అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి. 480 మెట్టులో మోటర్ దాని స్పీడు అది తిరుగుతా ఉంటాది, పుల్లీ బలాన్ని మూడింతలు చేసి ఇస్తాది, ఉలి కొంచెం లోతుకి దిగినా చెక్క ఆగదు. అదే బెల్టు 1440 మెట్టులో పెట్టి నాబ్‌తో 480కి దించితే మోటర్‌కి ఆ మూడింతలు ఎక్కడినించి వస్తాది? మామూలు కరెంటు 50 హెర్ట్జ్ అయితే ఇది పదహారు పదిహేడు హెర్ట్జ్‌లో మూలుగుతా ఉంటాది. దాని వెనకాల ఫ్యాను కూడా అదే షాఫ్టు మింద కదా, అది కూడా మెల్లగా తిరుగుతాది, మోటర్ వేడెక్కుతాది.

రేణిగుంట_ఫిట్టర్:
పెద్దాయన చెప్పిన బలం సంగతి ఒప్పుకుంటా. నేనూ డ్రైవ్ పెట్టినాక పుల్లీలు పీకేయలేదు. పెద్ద గిన్నెకి కింద మెట్టు, సన్న పనికి పై మెట్టు, నడమ నాబ్. వారానికి ఒక సారి బెల్టు తాకితే ఎక్కువ. రెండూ ఉంటే గొడవెందుకు?

కోళ్ళ_తాత:
అయితే బెల్టు మార్చాల్సిందేనంటావు. అదే కదప్పా నేను చెప్పింది.

లక్కబొమ్మలక్క:
అన్నలిద్దరూ గిన్నెల దగ్గిరే ఆగిపోయినారు. నేను చేసేది చిన్న బొమ్మలు, బొంగరాలు, ఏటికొప్పాక పద్ధతిలో లక్క పట్టించేది. లక్క కడ్డీ తిరిగే చెక్కకి ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకోవాల, స్పీడు తగ్గితే గీతలు గీతలుగా పడతాది, ఎక్కువైతే చుక్కలు చొక్కా మింద పడతాయి. నాకు బెల్టు నాలుగు మెట్లలో ఒకటి తక్కువ, దాని పైది ఎక్కువ. నడమ స్పీడు కావాల్సినోళ్ళకి నాబ్ వరం. కానీ డ్రైవ్ తీసుకున్న వారం నాకొకటి జరిగింది, ఆపే టైము సెట్టింగ్ ఒక సెకను పెట్టిచ్చినారు, ఎవరని చెప్పను. ఆఫ్ చెయ్యగానే స్పిండిల్ టక్కున ఆగింది, చెక్కని పట్టుకునే చక్ మాత్రం ఆగలేదు, మర ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. ఇప్పుడు ఆరు సెకన్లు పెట్టుకున్నా. వెనక్కి తిప్పే బటన్ మింద ఇన్సులేషన్ టేపు అంటించినా, అదీ అట్లనే మర ఊడదీస్తాది.

కాయిల్_మామ:
అక్క చెప్పింది వంద శాతం. ఇంకోటి, డ్రైవ్‌ని మిషన్ పక్కన పెట్టొద్దు, చెక్క పొడి లోపలికి పోతే దాని ఫ్యాను ముందు చస్తాది.

చంద్రగిరి_చెక్కముక్క:
పది రోజులయింది, చేసింది చెప్తా. డ్రైవ్, మోటర్ రెండూ కొనే డబ్బులు ఇప్పుడు లేవు, అది నిజం. తాత మాటలు చదివినాక ఒక రాత్రి మిషన్ కింద పడుకోని చూస్తే అర్థమయింది, నా కష్టం బెల్టు కాదు, ఆ నాలుగు బోల్టులు. మోటర్ని ఒక టేకు పలక మింద బిగించి ఆ పలకని రెండు మడతబందులతో స్టాండుకి తగిలించినా. ఇప్పుడు మోటర్ బరువే బెల్టుని లాగి పట్టుకుంటాది. పలక చేత్తో ఎత్తి, కింద చెక్క ముక్క పెట్టి, బెల్టు జరిపి, ముక్క తీసేస్తే అయిపోయింది. మా పాప ఫోన్లో టైము చూసింది, 35 సెకన్లు. ప్లగ్గు పీకి టూల్ రెస్ట్ (ఉలి ఆనించే కమ్మి) మింద పెట్టేదాంతో కలిపి.

రేణిగుంట_ఫిట్టర్:
బాగుంది తమ్ముడూ. సంక్రాంతి లోపల నువ్వే డ్రైవ్ రేటు అడగతావు, రాసిపెట్టుకో.

చంద్రగిరి_చెక్కముక్క:
అడగొచ్చన్నా. ఇప్పుడు ఇంకోటి పట్టుకుంది. 480లో తిప్పితే టక్ టక్ టక్ అని సౌండు, బెల్టు ఏళ్ళ తరబడి ఒకే వంపులో ఉండి గట్టిపడిపోయింది, వేలుతో తడిమితే ఒకచోట బుడిపె తగలతా ఉండాది. కొత్తది వేద్దామంటే స్పిండిల్ పుల్లీ రెండు బేరింగుల నడమ ఉండాది, స్పిండిల్ పీకకుండా లోపలికి ఎట్లా పోతాది?

కోళ్ళ_తాత:
మామూలు బెల్టు పోదు. లింకు బెల్టు అడుగు, ముక్కలు ముక్కలుగా ఉంటాది, ఊడదీసి పుల్లీ చుట్టూ తిప్పి మళ్ళా తగిలించొచ్చు. దాని మింద బాణం గుర్తు ఉంటే అది మోటర్ తిరిగే దిక్కుకి ఉండాల. రేటు ఎక్కువ చెప్తాడు. స్పిండిల్ పీకితే మాత్రం ఆ బేరింగులు కూడా ఆ పొద్దే మార్చేయ్ నాయనా, మళ్ళా ఎవడు విప్పుతాడు.